మూడుసార్లు కట్టిన హోటల్ ఒక్కటేనా?

టోక్యో నగరం నడిబొడ్డున, చక్రవర్తి కోటకు కూతవేటు దూరంలో, హిబియా పార్కుకు ఎదురుగా ఇంపీరియల్ హోటల్ ఉంది. అది 1890లో మొదలైంది. ఈ నూటముప్పై ఏళ్లలో దానికి మూడు ప్రధాన భవనాలు వచ్చాయి. మొదటిది కాలిపోయింది. రెండోదాన్ని యాజమాన్యమే కూలగొట్టింది. మూడోది ఇప్పుడు నడుస్తోంది. దాన్నీ తీసేసి నాలుగోది కట్టాలని కంపెనీ నిర్ణయించింది. 1890లో పేర్చిన ఇటుక ఒక్కటీ నేటి గోడల్లో లేదు. అయినా ఆ హోటల్ వయసు చెప్పేటప్పుడు లెక్క 1890 నుంచే మొదలవుతుంది.

ఇంతలో మరో చిక్కు ఉంది. రెండో భవనపు ముఖద్వార భాగాన్ని విప్పి, నగోయా దగ్గరి ఇనుయామాకు తరలించి, అక్కడి మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. కాబట్టి ఇంపీరియల్ హోటల్ అని చూపించడానికి జపాన్‌లో నేడు రెండు చోట్లున్నాయి. మారుతూ వచ్చిన వస్తువు అదే వస్తువు ఎలా అవుతుంది? అవుతుందంటే, ఆ మాటకు ఆధారం దేనిలో ఉంది? రాతిలోనా, రూపంలోనా, పేరులోనా, చూసేవాడి జ్ఞాపకంలోనా? భారతీయ దర్శనాలు వందల ఏళ్లు వాదించుకున్న ఈ ప్రశ్నను పరీక్షించి చూడటానికి ఈ హోటల్ చరిత్ర బాగా పనికొస్తుంది.

మొదటి భవనం

19వ శతాబ్ది మధ్యలో అమెరికా, యూరపు దేశాలు జపాన్ చేత చేయించుకున్న ఒప్పందాలు ఆ దేశానికి తలవంపులుగా ఉండేవి. విదేశీయుడు జపాన్ గడ్డ మీద నేరం చేస్తే జపాన్ న్యాయస్థానం విచారించే వీలు లేదు. దిగుమతి సుంకం ఎంతో నిర్ణయించుకునే స్వేచ్ఛ కూడా లేదు. తాము పాశ్చాత్యులకు తీసిపోని నాగరికులమని చూపిస్తే తప్ప ఆ ఒప్పందాలు మారవని మెయిజీ ప్రభుత్వ పెద్దలు కొందరు భావించారు. విదేశాంగ మంత్రి ఇనౌయే కావొరు వారిలో ముఖ్యుడు. విదేశీ దౌత్యవేత్తలకు విందులు, నాట్యాలు ఏర్పాటు చేయడానికి 1883లో రొకుమేయికాన్ అనే భవనం కట్టించాడు. విందుకు వచ్చినవారు బస చేయడానికి మాత్రం తగిన చోటు లేకపోయింది.

ఆ లోటు తీర్చడానికి రొకుమేయికాన్ పక్కనే హోటల్ కట్టాలన్న ఆలోచన పుట్టింది. షిబుసావా ఎయిచి, ఓకురా కిహచిరో వంటి వ్యాపార ప్రముఖులు ముందుకొచ్చారు. చక్రవర్తి గృహశాఖ పెద్ద వాటా తీసుకుంది. వాతనబె యుజురు జర్మన్ ఫక్కీలో రూపొందించిన మూడంతస్తుల భవనం 1890 నవంబరులో తెరుచుకుంది. గదులు సుమారు 60. లాభం కన్నా దేశం పరువు ముఖ్యమనుకుని పెట్టిన హోటల్ అది. అడుగుపెట్టిన విదేశీయుడికి జపాన్ మీద గౌరవం కలగాలన్నదే దాని మొదటి సంకల్పం. ఈ మాట గుర్తుంచుకోవాలి. తర్వాతి వాదానికి ఇదే ఆధారం.

1922 ఏప్రిల్ 16న ఆ భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. బ్రిటిష్ యువరాజు జపాన్ పర్యటనలో ఉన్న రోజులవి. అప్పటికే రెండో భవనం పని సాగుతోంది.

రైట్ కట్టిన హోటల్

హోటల్ మేనేజరు హయాషి ఐసాకు పాత భవనం చాలడం లేదని, అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ను పిలిపించాడు. రైట్‌కు జపాన్ కళలంటే, ముఖ్యంగా చెక్క అచ్చుల చిత్రాలంటే ప్రాణం. వాటిని సేకరించేవాడు, అమ్మేవాడు కూడా. ఖరీదైన పాలరాయి తెప్పిస్తాడని అంతా ఎదురుచూస్తే, ఆయన తొచిగి ప్రాంతంలో దొరికే ఓయా రాయి కావాలన్నాడు. అది అగ్నిపర్వతపు బూడిద గడ్డకట్టి ఏర్పడిన మెత్తని రాయి. లేత ఆకుపచ్చ చాయలో, మధ్యమధ్య గోధుమరంగు గుంటలతో ఉంటుంది. అంతవరకు గోదాములకు, ప్రహరీలకు వాడే ఆ రాయిని పూలరేకుల్లా, మెట్లుమెట్లుగా చెక్కించి గోడల నిండా పొదిగించాడు. ఇటుకలను తొకొనామేలో ప్రత్యేకంగా కాల్పించాడు. ఒక్కో ఇటుక ముఖం మీద దువ్వెనతో గీసినట్టు నిలువు చారలుంటాయి. లాబీలో ఇటుక, రాయి, చిల్లుల టెరకోటా కలిపి బోలుగా కట్టిన స్తంభాలున్నాయి. వాటి లోపల దీపాలు పెట్టడంతో వెలుగు స్తంభంలోంచే వస్తున్నట్టుంటుంది.

ఖర్చు అంచనాలను ఎన్నో రెట్లు దాటింది. గడువు జారిపోయింది. పని ముగియకుండానే 1922లో రైట్ జపాన్ విడిచి వెళ్లిపోయాడు. హయాషి పదవి పోయింది. మిగిలిన పనిని రైట్ శిష్యుడు ఎండో అరాటా పూర్తి చేశాడు.

ప్రారంభోత్సవం 1923 సెప్టెంబరు 1న పెట్టుకున్నారు. సరిగ్గా ఆ రోజే పగలు 11 గంటల 58 నిమిషాలకు కాంతో భూకంపం వచ్చింది. మధ్యాహ్న భోజనానికి పొయ్యిలు వెలిగించిన వేళ కావడంతో ఊరంతా మంటలు లేచాయి. లక్షకు పైగా మనుషులు పోయారు. కొత్త మేనేజరు ఇనుమరు టెట్సుజో వెంటనే వంటింటికి కరెంటు ఆపించి, అక్కడ మంటలు పుట్టకుండా చూశాడు. హోటల్ నిలబడింది. ఇల్లు పోయిన రాయబార కార్యాలయాలకు, పత్రికల వారికి అందులో చోటిచ్చారు.

ఈ సంఘటన మీద ఒక కథ అల్లుకుంది. టోక్యో మొత్తం కూలిపోతే రైట్ హోటల్ ఒక్కటే నిలిచిందన్నది ఆ కథ. ఇందులో అతిశయోక్తి ఉంది. ఆ భూకంపాన్ని తట్టుకున్న పెద్ద భవనాలు ఇంకా ఉన్నాయి. హోటల్‌కు కూడా దెబ్బలు తగిలాయి, కొన్ని చోట్ల నేల కుంగింది. బురదనేల మీద పునాది పడవలా తేలుతుందని రైట్ వేసిన లెక్కే తర్వాతి దశాబ్దాల్లో భవనానికి శాపమైంది. ఒక్కో భాగం ఒక్కోలా దిగబడి, వసారాలు ఎగుడుదిగుడయ్యాయి. రైట్ పట్టుబట్టి ముంగిట కట్టించిన నీటి కొలను మాత్రం ఆ రోజు మంటలార్పడానికి ఉపయోగపడింది.

మతానికి సంబంధించిన ఒక పరిణామం కూడా ఈ భూకంపం నుంచే వచ్చింది. షింతో పద్ధతిలో పెళ్లిళ్లకు పేరుపడ్డ హిబియా దైవస్థానం మంటల్లో పోయింది. పెళ్లిళ్లు జరిపే చోటు లేక, ఇంపీరియల్ హోటల్ తన కప్పు కిందే దైవస్థానం నెలకొల్పుకుంది. పెళ్లితంతు, విందు ఒకేచోట జరిగే హోటల్ పెళ్లి జపాన్‌లో పాతుకోవడానికి అది దారి తీసింది. షింతో సంప్రదాయంలో ఒక దేవతను ఒకచోటి నుంచి మరోచోటికి ఆవాహన చేస్తే మొదటి చోట లోటు రాదు. రెండుచోట్లా ఉన్నది పూర్తి దేవతే. వస్తువు ఒక చోట ఉంటే మరో చోట ఉండదన్న లోకసూత్రం అక్కడ దేవతకు వర్తించదు. హోటల్‌కు వర్తిస్తుందా అన్నది ముందు తేలాలి.

కూల్చివేత, తరలింపు

1945 మే నెలలో అమెరికన్ బాంబుదాడిలో హోటల్ దక్షిణ భాగం చాలావరకు దెబ్బతింది. యుద్ధం ముగిశాక 1952 వరకు ఆక్రమణ సైన్యాల అధీనంలో ఉంది. ఆ తర్వాత యాజమాన్యానికి దక్కిన భవనం కుంగిపోయినది. మెత్తటి ఓయా రాయి వానకు, నగరపు పొగకు రాలిపోతోంది. నగరంలోకెల్లా ఖరీదైన నేల మీద పొట్టిగా పరుచుకున్న ఆ కట్టడంలో గదులు మూడు వందలకు లోపే. 1967లో కూల్చివేత నిర్ణయం బయటికి రాగానే జపాన్‌లోను, అమెరికాలోను నిరసన లేచింది. రైట్ 1959లోనే పోయాడు. ఆయన భార్య ఒల్గివన్నా టోక్యో వచ్చి కూల్చవద్దని కోరింది. ఫలితం లేకపోయింది. 1967 చివర హోటల్ మూసి పని మొదలుపెట్టారు. అప్పటి కంపెనీ అధ్యక్షుడు ఎవరో కాదు, భూకంపం నాడు భవనాన్ని మంటల పాలు కాకుండా కాచిన ఇనుమరు టెట్సుజోయే.

అదే చోట 17 అంతస్తుల, 772 గదుల మూడో భవనం 1970లో తెరుచుకుంది. ఒసాకా ప్రపంచ ప్రదర్శన జరిగిన ఏడాది అది. 1983లో పక్కన 31 అంతస్తుల టవరు చేరింది. 2021లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం ముందు టవరును, తర్వాత ప్రధాన భవనాన్ని తీసేసి కొత్తవి కట్టాలి. నాలుగో ప్రధాన భవనానికి పెట్టుకున్న గడువు 2036. రూపకల్పన తానె త్సుయోషి అనే వాస్తుశిల్పిది.

రైట్ భవనపు ముఖద్వారం, లాబీ ముక్కలు ఇనుయామాలోని మెయిజీ మురాకు చేరాయి. కూల్చివేతకు గురయ్యే పాత కట్టడాలను తెచ్చి నిలబెట్టే ఆరుబయలు మ్యూజియం అది, 1965లో మొదలైంది. ముఖద్వారం బయటి రూపు 1976కు సిద్ధమైంది, లోపలి పని 1985కు గాని ముగియలేదు. పాత ఓయా రాయి చాలావరకు పనికిరాని స్థితిలో ఉండటంతో, చాలాచోట్ల దాని బదులు అదే రూపంలో కాంక్రీటు పోతపోశారు. నేడు అక్కడికి వెళ్లినవారికి ముంగిట కొలను, చారల ఇటుకలు, వెలుగు స్తంభాలు, మూడంతస్తుల ఎత్తున్న లాబీ కనిపిస్తాయి. పై వరుసలో కూర్చుని టీ తాగవచ్చు. రాత్రి పడుకోవడానికి గది మాత్రం దొరకదు. గదులున్న భాగం తరలించలేదు. టోక్యో హోటల్‌లో గదులున్నాయి. రైట్ పనితనం మాత్రం లోపలి బార్‌లో మిగిలిన కొంత రాయి, కొంత టెరకోటా వరకే పరిమితం.

ప్రశ్న స్వరూపం

గ్రీకు రచయిత ప్లుటార్క్ థీసియస్ ఓడ సంగతి చెబుతాడు. ఏథెన్స్ వాళ్లు ఆ ఓడను దాచుకుని, కుళ్లిన పలకనల్లా మార్చుతూ వచ్చారు. చివరకు అది అదే ఓడా కాదా అని తత్త్వవేత్తలు రెండుగా చీలారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు తత్త్వవేత్త థామస్ హాబ్స్ ఈ చిక్కుకు ఇంకో ముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవడో పోగుచేసి అదే వరుసలో మరో ఓడ కడితే, అప్పుడు థీసియస్ ఓడ ఏది? హాబ్స్ ఊహించిన ఆ రెండో ఓడకు దగ్గరి ఉదాహరణ ఇనుయామాలో ఉంది. ఒకచోట పేరు, స్థలం, వృత్తి కొనసాగుతున్నాయి. మరోచోట ఇటుక, రూపం కొనసాగుతున్నాయి.

ద్రవ్యమే సత్యమంటే

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు మట్టి దృష్టాంతం చెబుతాడు. కుండ, మూకుడు, ముంత అన్నవి పేర్లు, ఉన్నది మట్టి. అద్వైతులకు ఈ దృష్టాంతం పెట్టనికోట. దీన్ని హోటల్‌కు పెట్టి చూస్తే, ఓయా రాయి, తొకొనామే ఇటుక ఎక్కడుంటే అసలు ఇంపీరియల్ అక్కడే ఉండాలి. అప్పుడు ఇనుయామాదే పైచేయి. కాని ఆ వాదం అక్కడ ఆగదు. ఇనుయామాలో రాతి స్థానంలో కాంక్రీటు వచ్చింది. కూల్చినప్పుడు చెత్తగా పోయిన రాయి అంతకన్నా ఎక్కువ. ద్రవ్యాన్నే పట్టుకుంటే హోటల్ ముక్కలై ఎక్కడెక్కడో చెల్లాచెదురైందని ఒప్పుకోవాలి. ఉపనిషత్తు ఆ దృష్టాంతంతో చెప్పదలచింది కూడా కుండ గురించి కాదు. అన్నిటికీ మూలమైన సత్తు గురించి. ఆ స్థాయిలో హోటలూ లేదు, టోక్యో లేదు. వ్యవహారంలో తలెత్తిన ప్రశ్నకు పరమార్థం జవాబు ఇవ్వదు.

వైశేషికుల దారి వేరు. వాళ్ల లెక్కలో అవయవాలు వేరు, వాటిలో సమవాయంగా ఉండే అవయవి వేరు. దారాలు అవయవాలైతే బట్ట అవయవి. బట్టలోంచి ఒక్క దారం లాగినా పాత బట్ట నశించి కొత్త బట్ట పుట్టినట్టే. దాన్ని ఖండపటం అంటారు. ఇంత కఠినంగా చూస్తే 1923 సెప్టెంబరు 1 ఉదయం ఉన్న హోటల్ వేరు, భూకంపానికి నాలుగు పెచ్చులు రాలాక సాయంత్రం ఉన్న హోటల్ వేరు. తర్కానికి ఇది నిలుస్తుంది. లోకంలో ఎవరూ ఇలా మాట్లాడరు.

‘ఇది అదే’ అనే జ్ఞానం

నైయాయికులు ఈ చిక్కు దాటడానికి ప్రత్యభిజ్ఞను ఆసరా చేసుకున్నారు. నిన్న చూసినవాణ్ని నేడు చూసి ‘ఆ దేవదత్తుడే ఈయన’ అని గుర్తించడం ప్రత్యభిజ్ఞ. వెనకటి అనుభవపు సంస్కారం, నేటి ప్రత్యక్షం కలిస్తే అది పుడుతుంది. బాధించే ఆధారం లేనంతవరకు ఆ గుర్తింపును నమ్మాలని వారి వాదం. ఇనుయామా లాబీలో అడుగుపెట్టిన పాత అతిథికి వెంటనే కలిగేది ఇదే గుర్తింపు. టోక్యో హోటల్‌లో అడుగుపెడితే అతనికి కంటితో గుర్తుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

బౌద్ధులు దీన్ని ఒప్పుకోలేదు. జుట్టు కత్తిరించుకున్నాక, గోళ్లు తీసుకున్నాక అవి మళ్లీ పెరుగుతాయి. చూసినవాడు అవే జుట్టు, అవే గోళ్లు అంటాడు. అక్కడున్నది పోలిక మాత్రమే. పోలికను ఏకత్వంగా పొరబడటమే ప్రత్యభిజ్ఞ అని వారి ఆక్షేపణ. కాంక్రీటుతో పోసిన ఓయా రూపాన్ని చూసి రైట్ చెక్కించిన రాయి అని మురిసిపోయే సందర్శకుడికి ఈ ఆక్షేపణ నేరుగా తగులుతుంది.

ప్రవాహంగా కొనసాగడం

బౌద్ధుల సొంత జవాబు మిలిందపన్హలో ఉంది. గ్రీకు రాజు మిలిందుడు అడిగిన ప్రశ్నలకు నాగసేన భిక్షువు చెప్పిన జవాబులు అందులోవి. రాత్రంతా వెలిగే దీపం మొదటి జాములోను, మూడో జాములోను ఒకటేనా అంటే, అదే అనీ చెప్పలేం, వేరనీ చెప్పలేం. ఒక జ్వాలను ఆధారం చేసుకుని మరొకటి పుడుతూ ప్రవాహం సాగుతుంది. రథాన్ని విప్పితే ఇరుసు, చక్రాలు, నొగ దొరుకుతాయి. వాటికి అదనంగా రథమనే వస్తువు దొరకదు. రథమన్నది ఆ కూర్పు మీద నిలిచిన వ్యవహారం. తర్వాత నాగార్జునుడు, ఆయన కారికలకు వ్యాఖ్య రాసిన చంద్రకీర్తి ఈ విశ్లేషణను ఇంకా లోతుకు తీసుకెళ్లారు. వెతికితే స్వభావం దొరకదు, వెతకకుండా వాడుకుంటే వ్యవహారం చక్కగా సాగుతుంది. దీన్నే మాధ్యమికులు సంవృతి సత్యమంటారు.

ఈ వెలుగులో చూస్తే టోక్యో హోటల్ వాదన బలపడుతుంది. మొదటి భవనం కాలకముందే రెండో భవనం పని మొదలైంది. సిబ్బంది ఒకరి నుంచి ఒకరు పని నేర్చుకున్నారు. 1923 నాటి మేనేజరే 1967 నాటి అధ్యక్షుడు. కంపెనీ మారలేదు, స్థలం మారలేదు, వచ్చినవాణ్ని దేశం తరఫున ఆదరించాలన్న సంకల్పం మారలేదు. ఒకటి మరొకదాన్ని పుట్టిస్తూ పోయిన ప్రవాహం అది. ఇనుయామా ముఖద్వారానికి ఆ ప్రవాహం 1967లో తెగిపోయింది. ఆ తర్వాత మరో ప్రవాహం, ప్రదర్శనశాలగా, మొదలైంది.

జపాన్‌లోనే ఇసే మహామందిరం ఈ భావనకు మతపరమైన ఆచారరూపం. అక్కడి దైవమందిరాలను 20 ఏళ్లకొకసారి పక్క స్థలంలో కొత్త హినోకి కలపతో అచ్చంగా అలాగే కట్టి, దేవతను అందులోకి మార్చి, పాతదాన్ని విప్పేస్తారు. 690లో మొదలైన ఈ ఆచారం యుద్ధకాలాల్లో చాలా ఏళ్లు ఆగి, మళ్లీ సాగి, 2013లో 62వ సారి జరిగింది. కలప మారుతుంది, రూపం, వడ్రంగం పనితనం, పూజ మారవు. ఇంపీరియల్ హోటల్‌లో రూపం కూడా మారింది. కాబట్టి అది ఇసే కన్నా ఒక మెట్టు ముందుకు పోయిన సందర్భం. రూపం పోయాక కూడా ప్రవాహం ఒక్కటే అనగలమా అన్నది అక్కడ తేలవలసిన అంశం.

కృష్ణ ఒడ్డున ఇదే ప్రశ్న

తెలుగు నేల ఈ ప్రశ్నను తన అనుభవంలో ఎదుర్కొంది. నాగార్జునుడి పేరుతో ముడిపడిన నాగార్జునకొండ లోయ, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయాయి. మునగకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండమీద, ఒడ్డునున్న అనుపులో తిరిగి నిలబెట్టారు. నేడు ద్వీపంగా మారిన ఆ కొండమీద మెట్లెక్కి స్తూపం చుట్టూ తిరిగేవారు చూసేది పాత ఇటుకనే కావచ్చు. స్తూపం వెలసిన చోటు మాత్రం నీటి అడుగున ఉంది. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా విప్పి అలంపురంలో నిలబెట్టారు. నదుల సంగమం వల్ల వచ్చిన పేరు, సంగమం లేని చోటికి గుడితోపాటు వచ్చింది.

ఆలయాల విషయంలో ఆగమాలకు ముందునుంచీ స్పష్టమైన పద్ధతి ఉంది. గుడికి జీర్ణోద్ధరణ చేయాలంటే ముందు కళాకర్షణ చేసి, దైవశక్తిని కుంభంలోకి లేదా బింబంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో నిత్యపూజలు జరుపుతారు. పని పూర్తయ్యాక సంప్రోక్షణతో తిరిగి ప్రధానాలయంలో ప్రతిష్ఠిస్తారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి భక్తులు బాలాలయంలోనే లక్ష్మీనరసింహస్వామిని సేవించుకున్నారు. కొత్తగా కట్టిన ప్రధానాలయం 2022 మార్చి 28న తెరుచుకుంది. ఆ ఆరేళ్లలో కొండకు వెళ్లినవారెవరూ వేరే దేవుణ్ని చూసి వచ్చామనుకోలేదు. పూజ ఒక్కరోజు కూడా తెగకపోవడమే ఇక్కడ ఏకత్వానికి ఆధారం. భారత న్యాయస్థానాలు కూడా ఇదే దిశలో ఆలోచించాయి. దేవుణ్ని న్యాయవ్యక్తిగా గుర్తించడానికి మూలం భక్తుల ధర్మసంకల్పం. విగ్రహం ధ్వంసమైనంత మాత్రాన ఆ సంకల్పం నశించదని అవి చెప్పాయి.

ఎవరికి ఏది పోయింది

ఒకే సంఘటనలో పోయినది, వచ్చినది, నిలిచినది మూడూ ఉంటాయని చెప్పినవారు జైనులు. ఉత్పాదం, వ్యయం, ధ్రౌవ్యం కలిసిందే సత్తు అని వారి సిద్ధాంతం. సమంతభద్రుడు ఆప్తమీమాంసలో దీనికి చక్కని దృష్టాంతం ఇచ్చాడు. బంగారు కుండను కరిగించి కిరీటం చేస్తే, కుండ కావాలనుకున్నవాడు ఏడుస్తాడు, కిరీటం కావాలనుకున్నవాడు సంతోషిస్తాడు, బంగారం కావాలనుకున్నవాడికి తేడా ఏమీ లేదు. ముగ్గురి భావాలకూ వస్తువులోనే కారణం ఉంది. ఎవరిదీ భ్రమ కాదు.

1967లో టోక్యోలో ఈ ముగ్గురూ ఉన్నారు. రైట్ రూపాన్ని ప్రేమించినవారికి హోటల్ చచ్చిపోయింది. వందల గదులు కావాలనుకున్న యాజమాన్యానికి కొత్త హోటల్ పుట్టింది. పెళ్లికి, విందుకు, వ్యాపార సమావేశానికి వచ్చే టోక్యో పౌరుడికి ఇంపీరియల్ అలాగే ఉంది. ‘అదేనా?’ అన్న ప్రశ్న ఎప్పుడూ ‘ఏమిటిగా అదే?’ అని పూర్తి చేస్తే తప్ప జవాబుకు అందదు. కళాఖండంగా అడిగితే, ఇనుయామాలో దాని ముక్క ఉంది, మిగతాది లేదు. సంస్థగా అడిగితే, టోక్యోలో ఉన్నది 1890 నాటిదే. హోటల్ విషయంలో రెండు జవాబులూ నిజమే; దేవత లాగా రెండుచోట్లా పూర్తిగా ఉండటం మాత్రం దానికి సాధ్యపడలేదు.

అయితే దృష్టినిబట్టి జవాబు మారుతుందంటే, ఎవరికి తోచినట్టు వారు మాట్లాడవచ్చని కాదు. దీనికి అడ్డుకట్ట కూడా నాగసేనుడి దగ్గరే ఉంది. ఒకడు మామిడిపళ్లు దొంగిలించి పట్టుబడతాడు. తోట యజమాని నాటినవి వేరు, తాను కోసినవి వేరు కనుక తాను దొంగను కానని వాదిస్తాడు. అయినా వాడు శిక్షకు అర్హుడే, ఎందుకంటే ఈ పళ్లు ఆ నాటిన వాటివల్లే వచ్చాయి. ప్రవాహపు ఏకత్వానికి అసలు పరీక్ష ఇక్కడుంది. ఫలం అనుభవించేటప్పుడు ‘అదే నేను’ అని, బాధ్యత వచ్చేసరికి ‘అది వేరు’ అని అనడం కుదరదు.

ఇంపీరియల్ హోటల్ 1890ని తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకుంటుంది, రైట్ పేరును తన చరిత్రలో సగర్వంగా రాసుకుంటుంది. ఆ గౌరవం పుచ్చుకున్న సంస్థకు ఆ భవనాన్ని కూల్చిన బాధ్యత కూడా చెందుతుంది. ముఖద్వారాన్ని మ్యూజియానికి పోనివ్వడం, బార్‌లో కొన్ని రాళ్లు నిలుపుకోవడం ఆ బాధ్యతను కొంత ఒప్పుకున్నట్టే. ప్రాజెక్టు నీళ్ల కోసం లోయను ముంచి స్తూపాలను కొండెక్కించిన ప్రభుత్వానికీ, పాత గుడి తీసి కొత్త గుడి కట్టే దేవస్థానానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఆస్తి పుచ్చుకున్నవాడే అప్పు తీర్చాలని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. పేరుప్రతిష్ఠలు కూడా ఆస్తే. మూడు భవనాలు మారినా హోటల్ ఒక్కటే అనే హక్కు, ఆ మూడింటి అప్పునూ మోసినంతకాలమే నిలుస్తుంది.